నాలుగు వరుసలు ఆరెందుకయ్యాయి?

ప్రశ్న: ఆఫీసులో రిపోర్టులు తయారుచేసే పని నాది. ప్రోగ్రామర్‌ని కాను గానీ, పైథాన్‌లో టేబుళ్ల పనికి ఉన్న పాండాస్ అనే లైబ్రరీ వాడి రెండు మూడు టేబుళ్లు కలిపి లెక్కలు తీస్తుంటాను. మెర్జ్ ఫంక్షన్‌తో కలిపాక వరుసల సంఖ్య ఒక్కోసారి పెరుగుతోంది, ఒక్కోసారి తగ్గుతోంది. డాక్యుమెంటేషన్ పేజీ మొత్తం చదివాను. ఫంక్షన్‌కి మనమిచ్చే ప్రతి పారామీటర్‌కీ (సెట్టింగ్‌కీ) వివరణ ఉంది, ఏదీ తప్పు కాదు, అయినా నా ప్రశ్నకి జవాబు మాత్రం దొరకలేదు. చిన్న చిన్న టేబుళ్లతో ప్రయోగాలు చేసి నేనే తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ పేజీకి సవరణ పంపితే తీసుకుంటారా? ఏం రాయాలి, ఎలా పంపాలి? కోడ్ రాసేవాళ్ల మధ్య ఇలాంటి పనికి విలువ ఉంటుందా?
– పేరు వెయ్యొద్దన్న పాఠకురాలు

జవాబు: విలువ ఉంటుందండీ, ధైర్యంగా పంపండి. పాండాస్‌ని 2008లో వెస్ మెకిన్నీ మొదలుపెట్టారు గానీ, అది ఇంత పెద్దదవడానికి కారణం బయటినుంచి వచ్చి తలా ఒక సవరణ పంపినవాళ్లే. 2018 మార్చి 10న అయితే కేవలం డాక్యుమెంటేషన్ బాగుచేయడానికే ప్రపంచంలో చాలా నగరాల్లో ఒకే రోజు జనం కూర్చుని, ఫంక్షన్లు పంచుకుని మరీ వాటి పేజీలు తిరగరాశారు. పైగా మీకున్న అనుకూలత ఆ కోడ్ రాసినవాళ్లకి లేదు. లోపల ఏం జరుగుతుందో వాళ్లకి కంఠతా వచ్చు కాబట్టి, చదివేవాళ్లు ఏ వాక్యం దగ్గర ఆగిపోతారో వాళ్లకి తట్టదు. మీరు ఎక్కడ ఆగిపోయారో మీకింకా గుర్తుంది. ఆ గుర్తు చెరిగిపోకముందే కాగితం మీద పెట్టండి.

ఇక ఆ పేజీలో ఏం తక్కువైందో చూద్దాం. మెర్జ్ పేజీలో మొదటి ఉదాహరణ తీయండి. రెండు టేబుళ్లు, ఒక్కోదానిలో నాలుగేసి వరుసలు. ఎడమ టేబుల్ కీ కాలమ్‌లో, అంటే దేన్ని చూసి వరుసలు జతకలుపుతామో ఆ కాలమ్‌లో, ఫూ, బార్, బాజ్, మళ్లీ ఫూ అని ఉత్తుత్తి పేర్లు. కుడిదాన్లోనూ అవే, అదే క్రమంలో. రెంటినీ కలిపితే ఆరు వరుసలొచ్చాయి. ఎడమన ఫూ రెండుసార్లు ఉంది, కుడిన రెండుసార్లు ఉంది, ఇటువైపు ప్రతి ఫూ అటువైపు ప్రతి ఫూతోనూ జతకడుతుంది కాబట్టి అవే నాలుగు, బార్ ఒకటి, బాజ్ ఒకటి, మొత్తం ఆరు. ఇంతా చేసి ఆ ఉదాహరణ పక్కన రాసిన మాటలు ఏం చెబుతున్నాయి? ఫలానా కాలమ్‌ల మీద కలుపుతున్నాం అనీ, రెండిట్లోనూ వేల్యూ అనే కాలమ్ ఉంది కాబట్టి ఆ పేర్ల చివర అండర్‌స్కోర్ ఎక్స్, అండర్‌స్కోర్ వై చేరతాయనీ. నాలుగు ఆరు ఎలా అయిందన్న ముక్క అక్కడ లేదు! మీ ప్రశ్నకి జవాబు ఆ అవుట్‌పుట్‌లోనే కళ్లెదుట ఉంది, దానివైపు వేలు చూపించినవాళ్లు లేరు, అంతే.

హెచ్చరిక అసలే లేదని కాదు. డూప్లికేట్ కీల మీద కలిపితే ఫలితం బాగా పెరిగిపోయి మెమరీ చాలకపోవచ్చని యూజర్ గైడ్‌లో రాశారు. కానీ పని మధ్యలో ఉన్నవాళ్లు యూజర్ గైడ్ తెరవరు, ఫంక్షన్ పేరు కొట్టి ముందొచ్చిన పేజీ చూస్తారు, ఉదాహరణ దగ్గరికి దిగుతారు, తమ పనికి దగ్గరగా ఉన్నది కాపీ చేసుకుని వెళ్లిపోతారు. అందుకే హెచ్చరిక ఉదాహరణ పక్కనే ఉండాలని నేను గట్టిగా అంటాను.

అదే పేజీలో కింద ఇంకో ఉదాహరణ ఉంది, ఇన్నర్‌కీ లెఫ్ట్‌కీ తేడా చూపించేది. ఇన్నర్ అంటే రెండువైపులా ఉన్న కీలే మిగలడం, లెఫ్ట్ అంటే ఎడమవైపువన్నీ మిగలడం. అక్కడ కొన్ని కీలు ఒకవైపే ఉంటాయి, కానీ ఏదీ రెండుసార్లు రాదు. అంటే ఒక ఉదాహరణలో పెరగడం మాత్రమే ఉంది, ఇంకోదానిలో తగ్గడం మాత్రమే ఉంది. మన చేతికొచ్చే డేటాలో ఈ రెండూ కలిసే వస్తాయి, కలిసి వచ్చినప్పుడు ఒకదాన్ని ఇంకోటి కప్పేస్తుంది. మీరు రాయబోయే ఉదాహరణ ఇది పట్టుకుంటే బాగుంటుంది. నా మనసులో ఉన్నది చెబుతాను, నచ్చితే వాడుకోండి.

ఎడమన ఆర్డర్ల టేబుల్. కస్టమర్ నంబర్లు 101, 102, 103, 104. కొన్న వస్తువుల సంఖ్యలు వరసగా 5, 3, 2, 7. మొత్తం 17. కుడిన కస్టమర్ల టేబుల్. అందులో 101, 102, మళ్లీ 102, 103 ఉన్నాయి. 102 ఎవరో రెండుసార్లు ఎక్కించారు, 104ని ఎక్కించడం మరిచారు. ఇప్పుడు ఏ ఆప్షనూ ఇవ్వకుండా మెర్జ్ చేయండి. మెర్జ్‌కి డిఫాల్ట్ ఇన్నర్, కాబట్టి 104 ఆర్డర్ ఎగిరిపోయింది. 102 ఆర్డర్ రెండయింది. ఫలితంలో ఎన్ని వరుసలు? నాలుగే. వరుసలు లెక్కపెట్టి సరిపోయిందనుకునే మనిషి ఇక్కడ పూర్తిగా మోసపోతాడు, ఎందుకంటే వస్తువుల మొత్తం ఇప్పుడు 13. లెఫ్ట్ పెట్టి చేస్తే 104 నిలబడుతుంది, వరుసలు ఐదవుతాయి, మొత్తం 20 అవుతుంది. 17 రెండుచోట్లా రాలేదు. ఎర్రర్ కూడా రెండుచోట్లా రాలేదు.

ఈ ఉదాహరణ కింద మీరు రాయాల్సింది పెద్దగా ఏం లేదు. ఫలితంలో ఒక కీకి వచ్చే వరుసలు ఎడమన అది ఎన్నిసార్లుందో కుడిన ఎన్నిసార్లుందో ఆ రెంటి గుణకారం అన్న వాక్యం ఒకటి. ఒకవైపే ఉన్న కీ సంగతి, ఇన్నరా లెఫ్టా అని చెప్పే హౌ అనే పారామీటర్ తేలుస్తుందన్న వాక్యం ఇంకొకటి. ఆ తర్వాత అదే డేటాని వాలిడేట్ పారామీటర్‌తో మళ్లీ నడిపి చూపించండి. వాలిడేట్‌కి మెనీ టు వన్ అనిస్తే, కుడి టేబుల్లో కీలు ఒక్కోసారే ఉన్నాయా అని పాండాస్ కలపకముందే చూసి, లేకపోతే మెర్జ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. 0.21 వెర్షన్ నుంచీ ఉన్న సదుపాయం ఇది, రోజూ మెర్జ్ వాడేవాళ్లలోనూ చాలామంది దాని జోలికే వెళ్లరు. కారణం నాకు తెలిసినంతవరకు ఒకటే, అది పారామీటర్ల జాబితాలో అడుగున ఉంది, ఉదాహరణల్లో ఎక్కడా కనపడదు. ఒక జాగ్రత్త కూడా రాయండి. మెనీ టు మెనీ అని ఇస్తే ఒప్పుకుంటుంది గానీ ఏ తనిఖీ చేయదు, అది పెట్టి నిశ్చింతగా ఉండకూడదు.

తగ్గినవి ఎటు పోయాయో తెలియాలంటే ఇండికేటర్. దాన్ని ట్రూ చేస్తే చివర అండర్‌స్కోర్ మెర్జ్ అనే కాలమ్ వస్తుంది, ప్రతి వరుస పక్కనా లెఫ్ట్ ఓన్లీ, రైట్ ఓన్లీ, బోత్ అని ఉంటుంది. లెఫ్ట్ జాయిన్‌తో పాటు ఇది పెడితే మన 104 పక్కన లెఫ్ట్ ఓన్లీ అని పడుతుంది, వెతుక్కోవక్కర్లేదు.

ఖాళీ కీల సంగతి పేజీలో ఇప్పటికే రాసి ఉంది, దాన్ని కదపకండి. డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్‌లో నల్ (ఖాళీ విలువ) ఇంకో నల్‌తో జతకట్టదు, పాండాస్‌లో జతకడుతుంది. ఎడమన రెండు ఖాళీ కీలు, కుడిన మూడు ఉంటే ఆరు అర్థంలేని వరుసలు పుడతాయి. ఎస్‌క్యూఎల్ నుంచి వచ్చినవాళ్లు దీనికి తప్పకుండా దెబ్బతింటారు. కావాలంటే దీనికీ ఒక బుల్లి ఉదాహరణ వేయొచ్చు, కానీ వేరే సవరణగా. అన్నీ ఒకేసారి పంపితే చూసేవాళ్లకి తల తిరుగుతుంది, దేని దగ్గర చర్చ మొదలైనా మిగతావన్నీ దానితోపాటే ఆగిపోతాయి.

పంపే పద్ధతి ఇదీ. ముందు పాండాస్ కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్‌లో, ఇష్యూల్లో (సమస్యలు, సూచనలు రాసే చోట) ఇదే సంగతి ఎవరైనా ఎత్తారేమో వెతకండి. లేకపోతే మీరే ఒకటి తెరవండి, పేజీలో ఏముంది, ఏం లేదు, ఏం చేర్చాలనుకుంటున్నారు అని మూడు నాలుగు వాక్యాలు చాలు. ఆల్రెడీ ఉన్న ఇష్యూ అయితే కింద టేక్ అని ఒక్క మాట కామెంట్ పెడితే అది మీ పేరున పడుతుంది. తర్వాత రిపాజిటరీని (కోడ్ మొత్తం ఉన్న ఫోల్డర్‌ని) ఫోర్క్ చేసుకుని, అంటే మీ ఖాతాలోకి నకలు తీసుకుని, మార్పు చేసి, దాన్ని తీసుకోమని పుల్ రిక్వెస్ట్ పంపడం, దాని టైటిల్ డీఓసీ అని పెద్దక్షరాల్లో మొదలుపెట్టి కోలన్ పెట్టడం. మీరు మార్చేది వెబ్ పేజీని కాదని గుర్తుంచుకోండి. పేజీలో కనపడేదంతా కోడ్ ఫైల్లో ఫంక్షన్ పేరు కిందే ఉన్న డాక్‌స్ట్రింగ్ నుంచి తయారవుతుంది. మెర్జ్ డేటాఫ్రేమ్ (పాండాస్ టేబుల్) మీద పిలిచేదిగా ఒకటి, విడి ఫంక్షన్‌గా ఇంకొకటి ఉంది, రెండు పేజీలూ చూసుకోండి, ఒకదానిలో ఉన్న మాట ఇంకోదానిలో లేకుండా పోకూడదు.

డాక్‌స్ట్రింగ్‌కి ఒక ఒరవడి ఉంది, నంపైడాక్ అంటారు. పైన ఒక్క లైన్ సారాంశం, తర్వాత వివరణ, పారామీటర్లు, ఏం తిరిగొస్తుంది, ఇవి కూడా చూడండి, నోట్స్, ఆఖర్న ఉదాహరణలు. మీరు ఎక్కువగా తాకేది ఆఖరిదే. ఇక్కడ అందరూ తడబడే చోటు ఒకటుంది. ఉదాహరణల్లో రాసిన కోడ్‌ని వాళ్ల టెస్టులు నిజంగా నడుపుతాయి, వచ్చిన ఫలితాన్ని మీరు టైప్ చేసిన ఫలితంతో పోలుస్తాయి. ఒక్క అంకె తేడా వచ్చినా టెస్ట్ ఫెయిల్. కాబట్టి అవుట్‌పుట్ చేత్తో రాయకండి, నడిపి కాపీ చేయండి. మన ఆర్డర్ల ఉదాహరణలోనే చూడండి, కస్టమర్ వయసు లాంటి పూర్ణాంకాల కాలమ్ కుడివైపు ఉంటే, లెఫ్ట్ జాయిన్ అయ్యాక 104 దగ్గర ఖాళీ వస్తుంది కాబట్టి మామూలు పూర్ణాంకాల కాలమ్ మొత్తం ఫ్లోట్ అయిపోతుంది, 34 కాస్తా 34.0 అవుతుంది. చేత్తో రాస్తే ఇలాంటివి తప్పిపోతాయి.

స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో వాలిడేట్ డాక్‌స్ట్రింగ్స్ అనే స్క్రిప్ట్ ఉంది, ఫంక్షన్ పేరిచ్చి నడిపితే ఫుల్‌స్టాప్ లేని వాక్యం దగ్గర్నుంచీ వివరణ లేని పారామీటర్ దాకా అన్నీ చెబుతుంది. పుల్ రిక్వెస్ట్ పెట్టాక స్లాష్ ప్రివ్యూ అని కామెంట్ రాస్తే మీ మార్పుతో పేజీ ఎలా ఉంటుందో లింక్ వస్తుంది. ఆ లింక్ ఫోన్‌లో కూడా తెరిచి చూడండి, వెడల్పాటి టేబుల్ పెట్టి ఉంటే అక్కడ తెలిసిపోతుంది.

ఫూ బార్‌ల బదులు ఆర్డర్లు, కస్టమర్లు అని పెడితే రివ్యూ చేసేవాళ్లు ఏమైనా అంటారేమోనని సందేహించకండి. ఉదాహరణల్లో అర్థమున్న పేర్లు వాడమని పాండాస్ వాళ్ల డాక్‌స్ట్రింగ్ గైడే చెబుతుంది. అలాగే ఇంగ్లీషు గురించి టెన్షన్ పడొద్దు. పొట్టి వాక్యాలు రాయండి, మిగతాది రివ్యూలో సరిచేస్తారు. ఉదాహరణ సరైనదైతే సగం పని అయిపోయినట్టే.

ప్రశ్న: నేను డేటా సైన్స్ కోర్సు చేస్తున్న విద్యార్థిని. మెర్జ్ కన్నా జాయిన్ అనే ఫంక్షన్ పొట్టిగా ఉందని అది వాడాను. ఆన్ అని కాలమ్ పేరిచ్చాను. ఎర్రర్ రాలేదు, ఖాళీలు కూడా పెద్దగా రాలేదు, కానీ ఒకరి వివరాలు ఇంకొకరి పక్కన పడ్డాయి. ఇది బగ్గా? డాక్యుమెంటేషన్‌లో ఉందా?

జవాబు: బగ్ కాదు, డాక్యుమెంటేషన్‌లో ఉంది కూడా. అయినా మీ బాధ న్యాయమైనదే. జాయిన్‌లో ఆన్ అంటే మీరు పిలుస్తున్న టేబుల్లోని కాలమ్ మాత్రమే. అవతలి టేబుల్ వైపు ఎప్పుడూ ఇండెక్స్‌తోనే, అంటే వరుసలకి ఉండే లేబుళ్లతోనే పోలుస్తుంది. పారామీటర్ వివరణలో ఆ మాట ఒక వాక్యంలో ఉంది, ఉదాహరణల్లో కూడా అవతలి టేబుల్‌కి ముందు సెట్ ఇండెక్స్ చేసి, అంటే కీ కాలమ్‌ని ఇండెక్స్‌గా మార్చి, సరిగ్గా చూపించారు. సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో చూపించారు గానీ, సెట్ ఇండెక్స్ మరిచిపోతే ఏమవుతుందో చూపించలేదు, మీకు ఎదురైంది అది.

ఏం జరిగి ఉంటుందో చెబుతాను. మార్కుల టేబుల్లో రోల్ అనే కాలమ్, విలువలు 1, 2, 3. పేర్ల టేబుల్లో రోల్ నంబర్ అనే కాలమ్, విలువలు 1, 2, 3, మీరు ఏ ఇండెక్సూ పెట్టలేదు కాబట్టి పాండాస్ తానే 0, 1, 2 అని ఇండెక్స్ ఇచ్చింది. ఇప్పుడు రోల్ మీద జాయిన్ చేస్తే, 1 పోయి ఇండెక్స్ 1 దగ్గరున్న వరుసతో, అంటే రెండో మనిషితో జతకట్టింది. 2 పోయి మూడో మనిషితో కట్టింది. 3కి మాత్రం ఎవరూ దొరక్క ఖాళీ మిగిలింది. జాయిన్‌కి డిఫాల్ట్ లెఫ్ట్ కాబట్టి ఆ వరుస పోలేదు. వందల వరుసలున్న టేబుల్లో చివర ఒక్క ఖాళీని ఎవరు పట్టించుకుంటారు?

రెండు టేబుళ్లలోనూ కాలమ్ పేరు ఒకటే అయ్యుంటే మీరు బతికిపోయేవారు, కాలమ్ పేర్లు కలుస్తున్నాయి సఫిక్స్ ఇవ్వలేదు అని ఎర్రర్ వచ్చేది. పేర్లు వేరు కావడంతో ఆ అడ్డుకట్ట కూడా లేకపోయింది. రోల్ నంబర్లు 1001, 1002 అయ్యుంటే అన్నీ ఖాళీలే వచ్చి వెంటనే తెలిసేది. చిన్న నంబర్లయినప్పుడే ఇది ప్రమాదకరం.

కాలమ్‌ని కాలమ్‌తో కలపాలంటే మెర్జ్ తీసుకుని లెఫ్ట్ ఆన్, రైట్ ఆన్ ఇవ్వండి. జాయినే కావాలంటే అవతలి టేబుల్‌కి ముందు సెట్ ఇండెక్స్ చేయండి. అలా మారేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోండి, మెర్జ్‌కి డిఫాల్ట్ ఇన్నర్, జాయిన్‌కి లెఫ్ట్. ఒకటి తీసి ఇంకోటి పెడితే హౌ కూడా రాయాలి, లేకపోతే ఈసారి వరుసల సంఖ్య మారుతుంది. నన్నడిగితే రెంటిలోనూ హౌ ఎప్పుడూ రాయడమే మేలు, కోడ్ తర్వాత చదివేవాళ్లకి వెతుకులాట తప్పుతుంది.

మీరూ సవరణ పంపండి. జాయిన్ పేజీలో ఇప్పుడున్న సెట్ ఇండెక్స్ ఉదాహరణ కిందే, అది లేకుండా ఇదే మూడు వరుసల టేబుల్‌తో వచ్చే తప్పు ఫలితం చూపించి, ఎందుకలా వచ్చిందో ఒక వాక్యం. తప్పు ఫలితాన్ని డాక్యుమెంటేషన్‌లో పెట్టడం గురించి రివ్యూలో అభ్యంతరం రావచ్చు, చదివేవాళ్లు దాన్నే కాపీ చేస్తారేమోనని. అది ఒప్పుకోవాల్సిన మాటే. అలా అంటే ఉదాహరణ వదిలేసి నోట్స్ విభాగంలో మాటల్లో రాస్తామనండి. ఎక్కడున్నా ఫర్వాలేదు, ఆ పేజీలో ఉండాలి.

ప్రశ్న: మెర్జ్ చేస్తే ఆబ్జెక్ట్, ఇంట్64 కాలమ్‌ల మీద కలపాలని చూస్తున్నారు, ముందుకెళ్లాలంటే కాన్‌క్యాట్ వాడండి అని ఎర్రర్ వచ్చింది. అది చెప్పినట్టే కాన్‌క్యాట్ వాడాను. ఎర్రర్ పోయింది గానీ టేబుల్ చూస్తే ఏదో అయిపోయింది. ఇప్పుడేం చేయాలి?

జవాబు: కాన్‌క్యాట్ తీసేయండి. అది కీ చూసి కలపదు. ఏమీ ఇవ్వకపోతే ఒక టేబుల్ కింద ఇంకో టేబుల్ పేరుస్తుంది, యాక్సిస్ 1 ఇస్తే ఇండెక్స్ చూసి పక్కపక్కన పెడుతుంది. మీకు కావాల్సింది ఈ రెండూ కాదు. మీ సమస్యల్లా ఒక టేబుల్లో కీ టెక్స్ట్‌గా (ఎర్రర్‌లోని ఆబ్జెక్ట్), ఇంకోదాన్లో నంబర్‌గా (ఇంట్64) ఉండటం. ఏదో ఒకవైపు ఆస్‌టైప్‌తో మార్చి రెండూ ఒక రకంగా చేసి మళ్లీ మెర్జ్ చేయండి.

ఎటువైపు మార్చాలన్నది డేటాని బట్టి ఉంటుంది. ఒకవైపు 00123 అని టెక్స్ట్, ఇంకోవైపు 123 అని నంబర్ ఉందనుకోండి. నంబర్‌ని టెక్స్ట్ చేస్తే అది 123 అవుతుంది, 00123తో కలవదు, ఎర్రర్ కూడా ఉండదు, జత దొరకని వరుసలు మాత్రం మిగులుతాయి. టెక్స్ట్‌ని నంబర్ చేస్తే కలుస్తాయి గానీ ముందు సున్నాలు పోతాయి. ఆ సున్నాలకి అర్థముండే కోడ్ అయితే అసలు సీఎస్‌వీ చదివేటప్పుడే రీడ్ సీఎస్‌వీలో డీటైప్ (కాలమ్ ఏ రకం డేటా అన్నది) ఇచ్చి రెండు ఫైళ్లలోనూ ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా చదవండి, ఫైళ్లలో సున్నాలు ఉంటే తర్వాత సరిదిద్దే పని ఉండదు.

ఆ ఎర్రర్ మెసేజ్ కూడా డాక్యుమెంటేషనే అని నా అభిప్రాయం. మామూలు పేజీ చదవనివాళ్లు కూడా దాన్ని చదువుతారు, పైగా కంగారులో ఉండి చదువుతారు, అది ఏం చేయమంటే అది చేస్తారు. కాబట్టి కాన్‌క్యాట్ మాట తీసి, రెండు కాలమ్‌లనీ ఒకే డీటైప్‌కి మార్చమని రాస్తే ఎంతోమందికి మేలు. కాకపోతే ఇది డాక్‌స్ట్రింగ్ మార్చినంత తేలిక కాదు. మెసేజ్ కోడ్‌లో ఉంటుంది, ఆ మెసేజ్ సరిగ్గా అలాగే వస్తోందా అని చూసే టెస్టులుంటాయి, మాట మార్చినచోటల్లా వాటినీ మార్చాలి. అందుకని ముందు ఇష్యూ తెరిచి కొత్త మాటలు అక్కడ పెట్టి, సరేనన్నాకే కోడ్ ముట్టుకోండి. రెండు డీటైప్‌ల పేర్లూ మెసేజ్‌లో ఇప్పుడున్నట్టే ఉండనివ్వండి. ఎక్కడ తేడా ఉందో వెతుక్కునేవాళ్లకి అందులో పనికొచ్చే భాగం అదే.